చెక్క ఆరేలోపు

కాలువ కట్ట తెగి మా కార్ఖానాలో చెక్క పలకలన్నీ నీళ్లలో తేలిన ఏడు అది. నీళ్లు మూడు రోజులుండి పోయాయి. బురద మాత్రం నెలన్నర ఉంది.

నేను వడ్రంగిని. పరాయి దేశంలో తలుపులు, కిటికీలు చేసే పనికి కుదిరి అప్పటికి నాలుగేళ్లు. మూడో తరగతితో చదువు ఆగిపోయింది. మాట కూడా అక్కడే ఆగిపోయిందని మా గదిలో తమ్ముడు ఆటపట్టించేవాడు. సొంత తమ్ముడు కాదు. గోడలకు ప్లాస్టరింగ్ చేసే మనిషి, పక్క మంచం వాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. నా వంతు మాటలు కూడా వాడే మాట్లాడేసేవాడు.

మా వీధి చివర బట్టల కొట్టు వెనక గదిలో ఒక డాక్టరు ఉండేవాడు. మన భాష మనిషి. అందరం డాక్టరు బాబాయి అనేవాళ్లం. కంపెనీ మాకు ఆసుపత్రి కార్డులు ఇచ్చింది. వాడితే అరిగిపోతాయన్నట్టు వాటిని కవర్లో చుట్టి పెట్టె అడుగున దాచుకున్నాం. ఆసుపత్రికి పోతే జబ్బు కాగితం మీదికి ఎక్కుతుందని, ఎక్కితే కంపెనీ ఇంటికి పంపేస్తుందని భయం. పైగా పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు అని అక్కడ ఏ భాషలో చెప్పుకోవాలి? బాబాయి మొహం చూసి "సలుపా?" అని తనే అడిగేవాడు. ఆ మాటతోనే సగం తగ్గినట్టుండేది.

వరద తీశాక బాబాయి తన సర్టిఫికెట్టుకు ఫ్రేము చేయమన్నాడు. మంచి టేకు ముక్క ఏరి చిత్రిక పట్టాను. నాలుగు మూలలూ వెంట్రుక దూరకుండా అతికించాను. అద్దం వేశాను. లోపలి రాత చదవడం నాకు రాదు. ఎర్రటి ముద్ర ఉంది, కింద సంతకం ఉంది. ఇంకేం కావాలి?

ఇవ్వడానికి పోతుంటే దారిలో వాన పట్టుకుంది. బస్ స్టాపు రేకు కిందికి పరుగెత్తాను. అక్కడ ఒక అమ్మాయి నిలబడి ఉంది. పెద్దాసుపత్రి లాండ్రీ వాళ్ల బూడిద రంగు చొక్కా, చేతిలో గొడుగు. జల్లు ఏటవాలుగా కొడుతోంది. "ఛీ, ఇప్పుడే రావాలా ఈ వాన," అని గొణుక్కుంటూ ఫ్రేమును చొక్కా లోపలికి తోయబోయాను.

"పట్టదండీ," అంది ఆమె, మన భాషలోనే. "ఇలా ఇవ్వండి, గొడుగు కింద పెడతాను. మీరు తడిస్తే ఆరుతారు. అంత మంచి చెక్క తడిస్తే ఎలా?"

నా చెక్కను మెచ్చుకున్న ఆడమనిషి ఆమే మొదలు. ఇచ్చాను. ఆమె నవ్వుతూ తీసుకుని లోపలి కాగితం చదివింది. నవ్వు ఆగిపోయింది.

"ఎవరిదిది?"

"మా డాక్టరుది."

"ఇది డాక్టరు చదువుది కాదండీ. మందుల గోడౌనులో ఆరు నెలలు పని చేశాడని ఇచ్చింది. డబ్బాలు సర్దినందుకు."

నాకు ఒళ్లు మండింది. "మీరేం చేస్తుంటారు?"

"దుప్పట్లు మడతపెడతాను."

"అయితే వెళ్లి మడతపెట్టుకోండి."

ఆమె కోపం తెచ్చుకోలేదు. "ఇక్కడ డాక్టరన్నాక లైసెన్సు ఉంటుంది. దాని మీద ఫోటో ఉంటుంది, నంబరు ఉంటుంది. ఆ నంబరు నిజమో కాదో ఎవరైనా ఫోను చేసి కనుక్కోవచ్చు. ఇందులో రెండూ లేవు. మీ వాళ్లకు చెప్పండి."

బస్సు వచ్చింది. ఫ్రేముతో పాటు గొడుగు కూడా నా చేతిలో పెట్టింది. "చెక్కకు ఇస్తున్నాను, మీకు కాదు," అని తడుస్తూ ఎక్కేసింది.

నేను తడవకుండా బాబాయి గదికి పోయి, ఆ ఫ్రేమును నా చేత్తోనే గోడకు కొట్టాను. ఆమె మాట ఎవరికీ చెప్పలేదు. మన మనిషి మీద ఎవరో దారిన పోయేవాళ్లు అన్న మాట చెప్పడమేమిటి అనుకున్నాను.

గొడుగు తిరిగివ్వడానికి లాండ్రీ గేటు దగ్గరికి వెళ్లాను.

"చెప్పారా మీ వాళ్లకు?"

"ఊఁ," అన్నాను.

అంత చిన్న అబద్ధం ఇంకోటి ఉండదు.

ఆ తర్వాత సెలవు రోజున గేటు ఎదురుగా ఉన్న టీ బల్ల దగ్గర కలవడం అలవాటైంది. ఆమె మాట్లాడేది. నేను వినేవాణ్ణి. కప్పు పట్టుకున్న ఆమె వేళ్లు సబ్బు నీళ్లకు ముడతలు పడి ఉండేవి. వాటినే చూసేవాణ్ణి. పైకి చూస్తే ఆమె నన్నే చూస్తూ ఉండేది. నేను మళ్లీ వేళ్ల మీదికి దిగిపోయేవాణ్ణి.

"ఊఁ తప్ప ఇంకో అక్షరం నేర్పలేదా మీ పంతులు?"

"మూడో తరగతి దాకానే చెప్పారు."

ఆ రోజు నుంచి నన్ను ఊఁ గారు అని పిలిచేది. మా తమ్ముడు ఒకసారి వెంట వచ్చి, ఆ పిలుపు విని, దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు.

తర్వాతి వారం వాడి కాలికి బురదలో మేకు దిగింది. కుంటుతూ నా భుజం పట్టుకుని, "పద అన్నా, బాబాయి దగ్గరికి," అన్నాడు. బస్ స్టాపు గుర్తొచ్చింది. అయినా నడిచాను. గదిలో వాడు గోడ వైపు చూపించి, "చూడన్నా, నీ ఫ్రేముతో గదికే కళ వచ్చింది. బాబాయి ఇప్పుడు అచ్చం పెద్ద డాక్టరులా ఉన్నాడు," అన్నాడు. బాబాయి ముసిముసిగా నవ్వుతూ సూదిలోకి మందు ఎక్కిస్తున్నాడు. నేను నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. సూది వాడి పిర్రలో దిగింది.

నాలుగో రోజుకు అక్కడ గడ్డ లేచింది. తొడ దాకా ఎర్రగా కమిలి, ముట్టుకుంటే పెనంలా కాలుతోంది. గదిలో ఎప్పుడూ ఆగని ఆ నోరు మూతపడింది. లాండ్రీ గేటుకు పరుగెత్తాను. షిఫ్టు దిగుతున్న ఆమెను ఏమీ చెప్పకుండానే వెంటబెట్టుకొచ్చాను.

ఆమె వాడి పక్కన కూర్చుంది. ఎప్పుడు వేశారు, ఒళ్లు వణికిందా, ఒంటికి నీళ్లు పోసుకున్నావా అని ఒక్కొక్కటే అడిగింది. దుప్పట్లు మడిచే మనిషి అడిగినట్టు లేదు.

"అక్కా, నీకు ఇదంతా తెలిసినట్టుంది," అన్నాడు వాడు. "నువ్వే ఏదో ఒక సూది వేసెయ్. ఆసుపత్రి వద్దు. ఇంటికి పంపేస్తారు."

"సూది వేయడం వచ్చు. నర్సు చదువు నాలుగేళ్లు చదివాను. మన దగ్గర ఆరేళ్లు వార్డులో చేశాను. ఈ దేశం పరీక్ష ఇంకా పాసవలేదు. లైసెన్సు చేతికి వచ్చేదాకా నేను సూది ముట్టుకోను."

"ఒక్కసారికి ఏమవుతుందక్కా?"

"మీ బాబాయి కూడా మొదట్లో ఒక్కసారికే అనుకుని ఉంటాడు," అంది. నా వైపు తిరిగి, "కార్డు ఎక్కడ?" అంది.

పెట్టె బోర్లించాను.

ఆసుపత్రిలో డాక్టరు చొక్కాకు ఫోటో, నంబరు వేలాడుతున్నాయి. నేను చూసిన మొదటి వస్తువు అదే. ఆయన అడుగుతుంటే ఆమె మాకు చెప్పేది, మేం చెప్పింది ఆయనకు చెప్పేది.

"ఎలాంటి నొప్పి అంటున్నారు. పోటా, సలుపా?"

"సలుపక్కా. లోపల ఎవరో తాపీ పెట్టి గీకుతున్నట్టుంది."

ఆమె తాపీతో సహా చెప్పినట్టుంది. డాక్టరు చేత్తో గీకినట్టు చేసి చూపించి తల ఊపాడు. తమ్ముడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక్కడా అర్థమవుతుందని వాడికి అప్పుడే తెలిసింది.

తర్వాత డాక్టరు గొంతు మారింది.

"సూది ఎవరు వేశారు, ఏం మందు వేశారు అంటున్నారు."

తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఎవరూ వేయలేదు, జారి పడ్డానని చెప్పక్కా. మన మనిషి పొట్ట కొట్టలేను."

"మందు తెలియకపోతే చీకట్లో చెయ్యి పెట్టినట్టే అంటున్నారు. చీము ఎముక దాకా పోతే కాలు దక్కదట." ఆమె నన్ను చూసింది. "మీరు చెప్పండి. ఇవాళ ఊఁ అంటే సరిపోదు."

నేను గోడ చూశాను. గోడ మీద ఏమీ లేదు. చెప్పడం మొదలుపెట్టాను.

"బట్టల కొట్టు వెనక గది. మా బాబాయి అంటాం. డాక్టరు కాదు. మందుల డబ్బాలు సర్దేవాడు. ఆయన కాగితానికి ఫ్రేము చేసింది నేనే. గోడకు కొట్టింది నేనే. అది చూసే వీడు నమ్మాడు. ఈ అమ్మాయి నాకు ముందే చెప్పింది. మా వాళ్లకు చెప్పానని ఈమెతో అబద్ధమాడాను. ఎవరికీ చెప్పలేదు."

నా జన్మలో ఒక్క ఊపున అన్ని మాటలు మాట్లాడలేదు. ఆమె అన్నీ వరసగా డాక్టరుకు చెప్పింది. చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగింది. అది కూడా చెప్పింది.

మందు పేరు తెలియడానికి బాబాయి గదికి పోయి ఆ సూది మందు సీసా అడిగాను. తమ్ముడికి ఎలా ఉందో చెప్పాను. ఆయన మొహంలో రక్తం లేదు. చెత్తబుట్టలోంచి సీసా తీసి ఇచ్చాడు. "మంచిదనుకునే వేశానురా," అన్నాడు. సీసా పట్టుకుని పరుగెత్తాను. ఆ సాయంత్రమే ఎవరో అధికారులు వచ్చి ఆ గదికి తాళం వేశారట.

గడ్డ కోసి శుభ్రం చేశారు. ఇంకొక్క రోజు ఆగి ఉంటే చేసేదేమీ ఉండేది కాదన్నారు. కాలు దక్కింది. కంపెనీ ఇంటికి పంపలేదు. సెలవిచ్చింది.

ఎనిమిది రోజులు ఆమె వచ్చి తమ్ముణ్ణి చూసి పోయేది. నాతో మాట్లాడలేదు. టీ బల్ల దగ్గర రెండు కప్పులు పెట్టుకుని నేను ఒక్కణ్ణే కూర్చున్నాను. ఒకటి చల్లారిపోయింది.

తొమ్మిదో రోజు సాయంత్రం వార్డులో తమ్ముడు దిండుకు ఆనుకుని కూర్చుని మళ్లీ వాగుతున్నాడు. కిటికీ బయట వాన. ఆమె వాడి దుప్పటి సర్ది, వెళ్లడానికి గొడుగు తీసుకుంది. నేను అడ్డంగా నిలబడ్డాను. కొలబద్ద జేబులోనే ఉంది.

"నీ కాగితం కొలత ఎంత?"

ఆమెను నువ్వు అనడం అదే మొదలు.

"ఏ కాగితం?"

"లైసెన్సు."

"అది రాలేదుగా. వచ్చే నెల పరీక్షే ఇంకా రాయాలి."

"వరదలో నానిన చెక్క. ఆరడానికి మూడు నెలలు పడుతుంది. ఇప్పుడు పెడితే సరిపోతుంది."

ఆమె గొడుగు వైపు చూస్తూ నిలబడింది. "పాసవకపోతే?"

"ఇంకా బాగా ఆరుతుంది."

పెదవి కొరుక్కుంది. కోపమో నవ్వో తెలియలేదు. "నాతో అబద్ధమాడారు మీరు."

"ఆడాను. మళ్లీ ఆడను."

"ఏ గోడకు కొడతారు? మా గదిలో ఆరుగురం ఉంటాం. నాకంటూ గోడే లేదు."

"మనకు ఒక గోడ చూస్తాను."

మంచం మీంచి తమ్ముడు, "వదినా, మా అన్న దగ్గర ఉన్న మాటలన్నీ అయిపోయాయి. ఇంక రావు. ఊఁ అనేసెయ్," అన్నాడు.

ఆమె నన్ను చూసింది. ఈసారి నేను వేళ్ల మీదికి దిగిపోలేదు.

"ఊఁ," అంది.

మర్నాడు పొద్దున కంపెనీ బస్సులో నలభై మంది ముందు లేచి నిలబడ్డాను. గోడ మీద ఫ్రేము చూసి ఎవర్నీ నమ్మొద్దని, ఫోటో, నంబరు అడగమని, పెట్టెల్లోంచి కార్డులు తీసి జేబుల్లో పెట్టుకోమని చెప్పాను. ఆ ఫ్రేము చేసింది నేనేనని కూడా చెప్పాను. కార్ఖానాకు పోయి, గంట కొట్టకముందే, దొంతరలోంచి వంకర లేకుండా సాఫు గీత ఉన్న టేకు పలక ఒకటి లాగాను. నీడలో, గాలి ఆడే చోట, కింద రెండు బద్దలు వేసి పడుకోబెట్టాను. చెవి మీద పెన్సిలు తీసి పలక వెనక రాశాను. బడి మానేశాక నేను రాసిన మొదటి మాట.

"ఇది మా ఆవిడది. ఎవరూ ముట్టుకోవద్దు."