తోడు పేరు: బావ

భీమిలి దాటిన కాసేపటికి, ఎవరూ చెప్పకుండానే మనోరథం వేగం తగ్గించింది.

జోగినాయుడు తల ఎత్తి చూశాడు. దారికి అడ్డంగా గొర్రెలు లేవు, ఎదురుగా మరో బండి లేదు. ఎడమపక్క సరుగుడు తోట, కుడిపక్క సముద్రం. బండి మెల్లగా పక్కకు తీసుకుని కోనాడ మలుపులో ఆగింది.

"ఇది వరహాలు గారి ముచ్చట మలుపు" అంది బండిలోంచి సారథి గొంతు. "ఇరవై తొమ్మిదేళ్ల కిందట, వైశాఖ మాసంలో, ఉదయం పూట, ఈ చోట వారి నాడి ఆనందస్థాయిని అందుకుంది. తోడు పేరు: బావ. కాసేపు ఆగుదామా?"

"ఆగుదాం" అంది వరహాలు.

ఆమె అద్దం దించి నీళ్లవైపు చూస్తూ కూర్చుంది. ఏదో మరిచిపోయినది చేతికి దొరికినట్టు ముఖం విప్పారింది. ఎడమ భుజాన్ని ఒకసారి అరచేత్తో తడుముకుని, తనలో తానే నవ్వుకుంది. జోగినాయుడు ఆ నవ్వు చూశాడు. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆ నవ్వు తన ముందు నవ్వినట్టు గుర్తు లేదు.

మనోరథానికి నడిపే మనిషి అక్కర్లేదు. ఎక్కినవాళ్లు నాడిపీఠం మీద కూర్చుంటే చాలు, అది వాళ్ల గుండె చప్పుడు వింటుంది. ఆకలేస్తే తిండి దొరికే చోట ఆపుతుంది. కునుకు పట్టిందంటే పీఠాన్ని వెనక్కి వాల్చి, ఆ పక్క అద్దాన్ని నల్లబరుస్తుంది. ఒక మనిషి నాడిచరిత్ర జాతకం లాంటిది. ఎన్ని బండ్లు మార్చినా వెంటే వస్తుంది. కిందటి నెల నుంచి ఆ చరిత్రను తవ్వి, ఎవరు ఎక్కడ సంతోషపడ్డారో అక్కడ బండిని ఆపే ఏర్పాటు ఒకటి కొత్తగా వచ్చింది. దేవుడు మనిషికి మరుపును ఊరికే ఇచ్చి ఉంటాడా అని జోగినాయుడికి అప్పుడే చిన్న సందేహం కలిగింది. కానీ ఊరంతా మురిసిపోతుంటే తానొక్కడూ ఎందుకు అడ్డుపుల్ల వేయాలని ఊరుకున్నాడు.

ముప్పయ్యో పెళ్లిరోజుకి శ్రీకూర్మం వెళ్లి కూర్మనాథుణ్ణి చూసి రావాలన్నది ఇద్దరి మొక్కు. సముద్రం దారిన పోదామన్నది మాత్రం వరహాలు. బయలుదేరేటప్పుడు సారథి లెక్క చెప్పింది: ఈ దారిలో వరహాలు గారికి ఏడు ముచ్చట మలుపులు, నాయుడు గారికి ఒక్కటీ లేదు.

ఉండవు మరి. ఆయన ఈ దారిన ఎప్పుడూ రాలేదు. పెళ్లయిన ఏడాదికి ఇద్దరూ శ్రీకూర్మం వెళ్లిన మాట నిజమే గాని, వెళ్లింది పెద్దరోడ్డున. గుడి గుర్తుంది, ప్రసాదం గుర్తుంది. సముద్రం చూసిన గుర్తు లేదు.

మరి ఈ బావ ఎవరు?

ఆ ప్రశ్నకు జవాబు ఆయన మనసులో ఎప్పటినుంచో సిద్ధంగానే ఉంది. వరహాలు ఆయన మేనమామ కూతురు. చిన్నప్పుడు ఆయన్నీ, ఆయన అన్న గురునాయుడినీ ఇద్దర్నీ "బావా" అనే పిలిచేది. పెద్దవాళ్లు ఆమెను మొదట గురునాయుడికే అనుకున్నారు. అతను ఇంకెక్కడో మనసు పడి పెళ్లాడేసరికి సంబంధం తమ్ముడి దగ్గరికి వచ్చింది. పెళ్లయిన మర్నాటి నుంచి జోగినాయుడు "ఏమండీ" అయ్యాడు. గురునాయుడు ఒక్కడే బావగా మిగిలాడు. పండగలకి వచ్చినప్పుడు బావగారూ బావగారూ అంటూ ఆమె వేళాకోళాలాడుతుంటే, జోగినాయుడు పేపరు అడ్డం పెట్టుకుని ఒకే వార్త నాలుగుసార్లు చదివేవాడు.

ఇరవై తొమ్మిదేళ్ల కిందటంటే పెళ్లయిన తరవాతే. ఆ రోజుల్లో ఆయన ఉప్పునీటిని మంచినీరు చేసే కర్మాగారంలో రాత్రి డ్యూటీలు చేసేవాడు. తెల్లారి ఇంటికొచ్చి ఒళ్లు తెలియకుండా పడుకునేవాడు. ఆ పగళ్లలో ఇంట్లో ఎవరున్నారో, ఎవరు ఎటు వెళ్లారో ఆయనకేం తెలుసు?

రెండో మలుపు ఒక పాయ మీది చిన్న కల్వర్టు దగ్గర వచ్చింది. తోడు పేరు: బావ. వరహాలు ఈసారి నవ్వలేదు. కళ్లు తుడుచుకుంది. ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం.

చింతపల్లి దీపస్తంభం దగ్గర తాటిముంజలు అమ్ముతున్నారు. లేతవి ఏరి తెస్తానని ఆమె దిగింది. తలుపు మూసుకోగానే జోగినాయుడు గొంతు తగ్గించి సారథిని అడిగాడు.

"బావంటే ఎవలు?"

"ప్రయాణికురాలు పిలిచిన పిలుపునే తోడు పేరుగా రాసుకుంటాం. ఆ తోడు మాట్లాడలేదు. గొంతు నమోదు కాలేదు."

"ఒక్క మాటా మాట్లాడలేదా?"

"ఒక్క మాట కూడా లేదు."

మాట్లాడడు మరి, దొంగతనంగా వచ్చినవాడు గొంతు ఎందుకు వదిలిపెడతాడు అనుకున్నాడు జోగినాయుడు. అద్దంలోంచి చూస్తే వరహాలు బుట్ట ముందు వంగి, ఒక్కొక్క ముంజనూ వేలితో నొక్కి చూస్తోంది. ఇంకా ఐదు మలుపులున్నాయి. ఐదుసార్లు బండి ఆగుతుంది, ఐదుసార్లు ఆ పేరు వినాలి, ఆ ముఖం చూడాలి. ఆ తరవాత గుడిలో పక్కపక్కన నిలబడి చేతులు జోడించాలి.

బండి ఆయన పేరున ఉంది. ఇంటి యజమాని మాట చాలు.

"ఆ బావ గురుతులన్నీ తీసీ."

"మొత్తం ఏడు. తీసేస్తే మళ్లీ రావు. తీసేయమంటారా?"

ఆయన మళ్లీ అద్దంలోంచి చూశాడు. వరహాలు ముంజలు కొంగులో పోయించుకుంటోంది.

"తీసీ" అన్నాడు.

ఆమె వచ్చి కూర్చుని, ముంజల పైపొర ఒలిచి ఒక్కొక్కటే ఆయన చేతిలో పెట్టింది. ఆయన తిన్నాడు. తియ్యగానే ఉన్నాయి. దారి పొడుగునా ఆమె కబుర్లు చెబుతూనే ఉంది. కోనాడ మలుపు తానే మరిచిపోయిందట, బండి ఆగేసరికి అన్నీ గుర్తొచ్చాయట. నాగావళి వంతెన మీద కూడా ఒకటి ఉండాలని, అక్కడే అన్నింటికన్నా ఎక్కువ అని, అది వచ్చాక ఆయనకో సంగతి చెబుతానని అంది.

నది సముద్రంలో కలిసే చోట వంతెన వచ్చింది. వరహాలు కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. బండి వేగం తగ్గించకుండా వంతెన దాటిపోయింది.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. "ఏటండీ, ఇది ఆగలేదు?"

జోగినాయుడు ఒళ్లో పడిన ముంజల పొరలు ఏరసాగాడు. ఆమె సారథిని అడిగింది. ఈ దారిలో వరహాలు గారికి ముచ్చట మలుపులేవీ లేవని అది మర్యాదగా చెప్పింది.

"నేనే తీసీమన్నాను" అన్నాడు జోగినాయుడు.

"ఎందుకు?"

"ఆ బావ ఎవలు?"

"ఎవలనుకున్నారు?"

ఆయన సముద్రం వైపు తిరిగాడు.

"గురుబావగారనుకున్నారా" అంది. అది ప్రశ్నలా లేదు. "మీరేనండీ."

తాను ఈ దారిన ఎప్పుడూ రాలేదని ఆయన గొణిగాడు. వచ్చారు, నిద్రలో వచ్చారు అంది వరహాలు. ఆ రోజు రాత్రి డ్యూటీ దిగి నేరుగా బండెక్కాడట. ఎండాడ దాటకముందే ఆమె ఎడమ భుజం మీదికి ఒరిగిపోయాడట. ఆయన పక్క అద్దం నల్లబడింది. పెద్దరోడ్డున పోతే రెండు గంటల్లో గుడి వచ్చేస్తుంది, లేపాలి. అందుకని ఆమె సారథి చెవిన వేసి సముద్రం దారి పట్టించింది.

"ఇంకో గంట పడుకుంటారని" అంది. "మొగుణ్ణి బావా అని పిలవొద్దు, నలుగురూ నవ్వుతారని మా అత్త పెళ్లినాడే సెప్పింది. మీరు మేలుకునుంటే పిలవలేను గదా. పడుకున్నారని పిలిచాను. అదిగో బావా పడవలు, ఇదిగో బావా ఏరు అని దారంతా చూపించాను."

నిద్రపోయినవాడి నాడిని బండి లెక్కలోకి తీసుకోదు. ఆమె పిలుపును మాత్రం రాసుకుంది.

జోగినాయుడు ఆ గురుతుల్ని తిరిగి తెప్పించే మార్గం ఉందేమోనని సారథిని రెండుసార్లు అడిగాడు. లేదు.

"అవి నాయండీ" అంది వరహాలు. గొంతులో కోపం లేదు, అదే ఆయనకు ఎక్కువ బాధనిపించింది. "మీకు నచ్చకపోతే నన్నడగాలి. దాన్ని కాదు."

ఆమె మిగిలినవాటిని గుర్తు చేసుకోవాలని చూసింది. వంతెన గుర్తుంది. మరొకటి ఏదో ఊరి దగ్గర, వలలు ఆరేసిన చోటు. తక్కిన మూడూ ఎంత వెతికినా దొరకలేదు. అక్కడ ఏమన్నదో, ఎందుకంత సంతోషపడిందో ఇక ఆమెకూ తెలియదు. ఇసుక దిబ్బలు ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోతున్నాయి. వాటిలో ఏదో ఒకటి అయి ఉండాలి.

జోగినాయుడికి అసూయ తగ్గలేదు. చోటు మారిందంతే. ఆ నల్లద్దం నీడలో, ఆ భుజం మీద, నోరు తెరుచుకుని పడుకున్న ఆ కుర్రవాడి మీద ఆయనకు పట్టరానంత అసూయ కలిగింది. వాడికి అన్నీ దక్కాయి. వాడు ఒక్కటీ వినలేదు.

ఆయన మెల్లగా పక్కకు జరిగి, ఆమె భుజం మీద తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

పీఠం వెనక్కి వాలలేదు. అద్దం నల్లబడలేదు. వైశాఖపు ఎండ రెప్పల మీద ఎర్రగా పడుతూనే ఉంది. తాను మేలుకునే ఉన్నట్టు ఆ అద్దమే ఆమెకు చెప్పేస్తోందని ఆయనకు తెలుసు. అయినా కళ్లు తెరవలేదు.

శ్రీకూర్మం దగ్గరపడి బండి సముద్రాన్ని విడిచి ఊరివైపు తిరగబోయింది.

"ఆగు" అంది వరహాలు, సారథితో. "గుడికి సాయంత్రం పోదాం. కళింగపట్నం దాకా సముద్రం పక్కనే పోనీ. బావ పడుకున్నాడు."

"ప్రయాణికుడు మేలుకునే ఉన్నారు" అంది సారథి.

"నీకు తెల్దు" అంది వరహాలు. "నువ్వు పోనీ."