చిత్రం నాలుగు: అనుమతి అక్కర్లేదు

"ముందు ఆ కిటికీ మూస్తారా?"

వచ్చిన పనేమిటో చెప్పకుండానే ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. గోడకు వీపు ఆనించి, చేతిలో ఫైలు గుండెలకు హత్తుకుని నిలబడింది.

అసిస్టెంట్ లేచి కిటికీ మూశాడు. మూడో అంతస్తు, ఎదురుగా గోడౌన్ గోడ. అటునుంచి చూసేవాళ్లెవరూ ఉండరు. అయినా గడియ పెట్టేటప్పుడు అతని చెయ్యి కాస్త తొందరపడింది. భయం ఆవులింత లాంటిది, పక్కవాడికి అంటుకోవడానికి కారణం అక్కర్లేదు.

బల్ల వెనక డిటెక్టివ్ కళ్లజోడు తుడుచుకుంటోంది. యాభై దాటిన మనిషి. అసిస్టెంట్‌కి స్వయానా పిన్ని. ఆఫీసులో మాత్రం 'మేడమ్' అనాలని రూలు. అతను ఆ రూలు తప్పేది ప్రాణం మీదకి వచ్చినప్పుడే.

"వీపు వెనక గోడ ఉన్న కుర్చీ అదుగో, మూలన ఉంది. కూర్చో అమ్మా," అంది డిటెక్టివ్. "ఇప్పుడు చెప్పు. నిన్నెవరు తరుముతున్నారు?"

అమ్మాయి ఫైల్లోంచి నాలుగు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. "కాలేజీలో నా లాకర్లో దొరుకుతున్నాయి మేడమ్. వేసిన తాళం వేసినట్టే ఉంటుంది. లోపల ఇవి ఉంటాయి."

మొదటి కాగితంలో కాలేజీ గేటు పక్కన బస్టాపు. ఈ అమ్మాయే, తల వంచి ఫోను చూసుకుంటోంది. పాపిట గీత కూడా స్పష్టంగా కనిపిస్తోంది. కింద అచ్చులో: 'చిత్రం 1. బస్టాపులో విద్యార్థిని. అనుమతి: లేదు.' రెండోది లైబ్రరీ. ఆమె పాపిట, భుజాల మీదుగా తెరిచిన పుస్తకం కనిపిస్తున్నాయి. 'చిత్రం 2. అనుమతి: లేదు.' మూడోదాంట్లో కాలేజీ మెట్లు ఎక్కుతోంది, ఒంటరిగా. మళ్లీ పాపిట, కిందికి జారిన జడ.

నాలుగో కాగితంలో బొమ్మే లేదు. నల్లటి చట్రం, మధ్యలో తెల్లటి ఖాళీ. కింద ఒక్క వాక్యం.

'చిత్రం 4. విద్యార్థిని, చివరిసారి. అనుమతి: అక్కర్లేదు.'

అసిస్టెంట్ ఆ కాగితాన్ని తిరగేసి చూశాడు. వెనక ఏమీ లేదు.

మొదటి బొమ్మతో పాటు ఒక చీటీ కూడా వచ్చిందట. డిటెక్టివ్ దాన్ని పైకే చదివింది. "నీ ప్రాజెక్టులో కిటికీ దగ్గర నిలబడ్డ పిల్ల, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉన్న పిల్ల, నా చెల్లెలు. ఆ మంటల్లోనే పోయింది. ఎవరినడిగి దాని బొమ్మ గోడకెక్కించావు? రేపటి పోటీ నుంచి తప్పుకో. ప్రాజెక్టు బొమ్మలన్నీ, ఫోనులోవీ కంప్యూటర్లోవీ, చెరిపెయ్యి. లేదంటే నీ బొమ్మ గోడకెక్కుతుంది."

"ఏం ప్రాజెక్టు అది?"

"పెద్ద భవనాల్లో అగ్నిప్రమాదాల గురించి మేడమ్. వారం నుంచి కాలేజీ హాల్లో గోడకి ఉంది. రేపు అగ్నిమాపక అధికారి వచ్చి చూస్తారు. గెలిస్తే పై చదువుకి స్కాలర్‌షిప్. అది రాకపోతే నా చదువు ఇక్కడితో ఆఖరు." అమ్మాయి ఫైలు మూసింది. "కానీ ఆయన కోపంలో న్యాయముంది. ఆ బొమ్మ నేను నిజంగానే అడక్కుండా తీసుకున్నాను. అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయాను."

"కింద ఏమని రాశావు?"

"'సేకరణ: ఇంటర్నెట్' అని."

"ఇంటర్నెట్ అంటే మనిషి పేరా, ఊరి పేరా? పక్కింటి గొడుగు పట్టుకొచ్చి 'సేకరణ: వీధి' అన్నట్టుంది. సరే, అసలు బొమ్మ చూపించు."

అమ్మాయి ఫోను తీసింది. కాలిన కిటికీ చట్రం వెనక ఒక యువతి పొగలోంచి బయటికి చూస్తోంది. కుడి చెంప మీద పుట్టుమచ్చ. అసిస్టెంట్ ఆ కళ్లలోకి చూడలేక చూపు తిప్పుకున్నాడు.

"ప్రాజెక్టులో ఇలాగే పెట్టావా?"

"లేదు మేడమ్, తిప్పాం, అద్దంలో కనబడేట్టు. ముఖం పేజీ బయటికి చూస్తే చదివేవాడి చూపు కూడా బయటికే పోతుంది, లోపలికి తిప్పండి అన్నారు మా గైడ్ మేడమ్. ఆవిడ ముందే కత్తెర తిప్పేశాడు. అంటే నా పార్ట్‌నర్. ఏ బొమ్మిచ్చినా అంచులు కోసేస్తాడని ఆ పేరు."

డిటెక్టివ్ కళ్లజోడు పెట్టుకుంది. "పద, నీ గోడ చూద్దాం."

*

హాలు విశాలంగా, చల్లగా ఉంది. ప్రాజెక్టు షీటు ముందు డిటెక్టివ్ చాలాసేపు నిలబడింది. కిటికీ దగ్గరి యువతి దగ్గర కాదు, చివర ఉన్న చిన్న ఫొటో దగ్గర. మసి పట్టిన ఒక తలుపు. ఆ మసి మీద తలుపుకి అడ్డంగా, కడ్డీ చుట్టూ చుట్టుకుని, తెల్లటి చార. దాని కింద వేళ్లు జారిన గుర్తులు. 'చిత్రం 4. మన కాలేజీ వెనక మెట్లు, కింది తలుపు లోపలి వైపు. తీసినది: నేను.' పక్కనే తేదీ.

"దీన్నెందుకు పెట్టావు?"

"పొగ ఎలా అలుముకుంటుందో చెప్పడానికి పేజీ పట్టింది మేడమ్. ఈ ఫొటో ఒక్క చూపులో చెప్పేసింది."

గైడ్ మేడమ్ డిటెక్టివ్‌ని పక్కకి పిలిచింది. "చూడండీ, బొమ్మలన్నిటికీ అనుమతి ఉందని సంతకం పెట్టింది నేను. ఇది బయటికొస్తే ముందు పోయేది నా ఉద్యోగం. గుట్టుగా తప్పుకోమనండి."

కత్తెర మరీ చిరాగ్గా ఉన్నాడు. "ఆ కిటికీ బొమ్మ వద్దని మొత్తుకున్నానండీ. నా మాట వింటేగా! పోటీకి వీళ్ల నాన్నే జడ్జి అయినట్టు ఒకటే పెత్తనం."

"నువ్వు అంచులు కొయ్యకుండా ఉంటే చాలు, అదే పదివేలు!" అంది అమ్మాయి, భయంలోనూ.

ఇంతలో తాళంచెవుల గలగల వినిపించింది. బిల్డింగ్ సూపర్‌వైజర్. తల నెరిసిన మనిషి, నెమ్మదైన గొంతు. లాకర్ల మారుచెవుల దగ్గర్నుంచి కెమెరాల గది దాకా అన్నీ ఆయన చేతిలోనే. కెమెరాలున్న తన గదిలోనే టీ కాచుకునే స్టౌ ఉందని, అందుకని గైడూ కత్తెరా కూడా అక్కడికి వస్తూ పోతూ ఉంటారని ఆయనే చెప్పాడు.

"వీళ్లంతా నా పిల్లల్లాంటివాళ్లమ్మా. బంగారం లాంటి పిల్ల, బెదిరిపోయింది. ప్రాణం కంటే ప్రాజెక్టు ఎక్కువా? తీసెయ్యమనండి, పీడా పోతుంది."

ఆయన తాళాల గుత్తి మీద తెల్లరంగు చుక్కలున్నాయి. అసిస్టెంట్ వాటిని చూశాడు. మరుక్షణంలో మరిచిపోయాడు.

ఫొటోలోని తలుపు చూడాలని డిటెక్టివ్, అసిస్టెంట్ వెనక మెట్ల వైపు వెళ్లారు. ఆ మెట్లకు కిటికీల్లేవు. పై వరండా తలుపు తోసుకుని దిగుతుంటే పట్టపగలే చీకటి కమ్మింది. కొత్త రంగు ఘాటు ముక్కుకి కొట్టింది. కింది తలుపు దగ్గర డిటెక్టివ్ ఫోను లైటు వేసింది. మసి లేదు, చార లేదు. తలుపు నిండా తెల్లటి రంగు.

అప్పుడు పైన తలుపు ధడాల్న పడింది. గడియ జరిగిన చప్పుడు.

అసిస్టెంట్ కింది తలుపుని భుజంతో గుద్దాడు. రంగు కరుచుకుపోయి కదల్లేదు. ఊపిరి పీలిస్తే గాలికి బదులు రంగు వాసన. పైన ఎవరో తలుపుకి అటువైపు కదలకుండా నిలబడ్డారని అతనికి తెలుస్తూనే ఉంది.

"పిన్నీ!"

"ఆఫీసు పనిలో ఉన్నాం. మేడమ్ అనాలి."

"బతికి బయటపడితే అంటాను!"

"అరవకు, గాలి దండగ. తలుపు కొట్టు."

కొట్టాడు. అరచేతులు మండేదాకా కొట్టాడు. ఎంతసేపటికో పైన గడియ తీసిన చప్పుడయింది. వెలుతురులో చీపురు పట్టుకుని ఒక ఆయా నిలబడి ఉంది. వాళ్ల కంటే ఆమే ఎక్కువ వణుకుతోంది.

"ఎవరు పెట్టారో గడియ... ఈ మెట్ల మీద తలుపు కొట్టిన చప్పుడు వింటే నా ప్రాణం నిలవదమ్మా."

"ఎందుకని?"

"మా ఆయన ఇక్కడే అటెండరు. పోయినేడు ల్యాబులో పొగలొచ్చినప్పుడు ఈ మెట్ల మీదే పోయాడు. కింద తలుపు తెరిచే ఉంది, భయంతో దారి తప్పాడని కాగితాల్లో రాశారు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏళ్ల తరబడి ఎక్కి దిగిన మెట్లమ్మా. దారెలా తప్పుతాడు?"

డిటెక్టివ్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అసిస్టెంట్‌తో మాత్రం మెల్లగా అంది: "ప్రిన్సిపాల్‌కి చెప్పు. కెమెరాల గదికి ఇప్పుడే ఆయన సొంత తాళం పడాలి. రేపు ఆ అధికారిని కాస్త ముందుగా రమ్మను."

*

మర్నాడు పొద్దున్న హాల్లో అందరూ ప్రాజెక్టు ముందు నిలబడ్డారు. ప్రిన్సిపాల్, అగ్నిమాపక అధికారి, గైడ్, కత్తెర, సూపర్‌వైజర్. అమ్మాయి అసిస్టెంట్ వెనక దాదాపు దాక్కుని ఉంది. గుమ్మంలో ఆయా.

"ముందు ఈ అన్నగారి సంగతి," అంది డిటెక్టివ్ చీటీ పైకెత్తి. "చెల్లెలికి ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉందంటాడు. అసలు ఫొటోలో అది కుడి చెంప మీదుంది. ఎడమ చెంప మీదికి వచ్చింది ఈ గోడ మీదే, బొమ్మని తిప్పడం వల్ల. ఎత్తుకుని పెంచిన చెల్లెలి చెంప అన్నకి తెలియదా? కాబట్టి అన్నా లేడు, చెల్లెలూ లేదు. రాసినవాడు ఈ గోడ తప్ప ఇంకేమీ చూడలేదు. తిప్పింది కత్తెర, తిప్పమన్నది గైడ్. ఆ సంగతి ఎరిగినవాళ్లు ఈ తప్పు చెయ్యరు."

కత్తెర ఊపిరి వదిలాడు. గైడ్ కళ్లు మూసుకుంది.

"ఇక ఈ ఫొటోలు. మూడింట్లోనూ అమ్మాయి పాపిట కనిపిస్తోంది. మనిషి వెంటపడి తీస్తే ముఖమో వీపో వస్తుంది, నడినెత్తి రాదు. ఇవి గేటు మీదా పైకప్పులకీ బిగించిన కాలేజీ కెమెరాల బొమ్మలు. అందుకే గేటు పక్కన బస్టాపు దాటి ఒక్కటీ లేదు. నిన్నెవరూ ఇంటిదాకా తరమలేదమ్మా. ఒక గదిలో కూర్చుని తెర చూశారు, అంతే. లాకరు మారుచెవి కూడా ఆ గదిలోనే ఉంటుంది."

తాళంచెవుల గలగల ఆగిపోయింది.

"ఒక్క బొమ్మ మీద కోపమైతే ఒక్క బొమ్మే తీసెయ్యమంటారు. ఇతను అన్నీ చెరిపెయ్యమన్నాడు. ఎందుకంటే తను చెరిపించాల్సిన బొమ్మ ఏదో పైకి చెప్పలేడు." ఆవిడ అధికారి వైపు తిరిగింది. "చివరి ఫొటో చూడండి సార్. మసిని చదివే మీ కళ్లు నాకు లేవు."

అధికారి వంగి చూశాడు. నిటారుగా లేచేసరికి ఆయన మొహం మారిపోయింది. "మసి పట్టేటప్పుడు ఈ కడ్డీకి గొలుసు ఉంది. గొలుసు ఆనిన చోట మసి పట్టలేదు. ఆ తలుపు తెరిచి లేదు."

"ఈ షీటు గోడకెక్కాక, ఈ వారంలోనే, ఆ తలుపుకి రంగు పడింది. ఇంక మిగిలిన సాక్ష్యం ఈ ఫొటో ఒక్కటే. ఆ రంగు చుక్కలు మీ తాళాల గుత్తి మీద ఇంకా ఉన్నాయి సూపర్‌వైజర్ గారూ. తలుపు తెరిచే ఉందని విచారణలో చెప్పింది కూడా మీరే. నిన్న మేం ఆ తలుపు చూస్తుంటే పైన గడియ పెట్టిందీ మీరే."

"కెమెరాల కంప్యూటర్లో ఈ మూడు బొమ్మలూ విడిగా కత్తిరించి ఉన్నాయి," అన్నాడు ప్రిన్సిపాల్ తల వంచుకుని. "రాత్రి నేనే చూశాను."

సూపర్‌వైజర్ కాదనలేదు. "పిల్లలు అటునుంచి క్లాసులు ఎగ్గొడుతున్నారని వేశానండీ గొలుసు. అంతే. ఎవర్నీ చంపాలని కాదు... ఆ రోజు పొగలో చప్పుడు వినిపించింది. గుత్తిలో ఆ చెవి దొరకలేదు. వెతుకుతూనే ఉన్నాను. చప్పుడు ఆగిపోయింది."

అధికారి ఆయన చేతిలోంచి గుత్తి తీసుకుని బయటికి నడిపించాడు.

అమ్మాయి షీటు దగ్గరికి వెళ్లి కిటికీ దగ్గరి యువతి బొమ్మని మెల్లగా ఊడదీసింది. "తీసినవాళ్లెవరో వెతికి రాస్తాను మేడమ్. ఒప్పుకుంటే పెడతాను, తిప్పకుండా." ఆ చోటు ఖాళీగా మిగిలింది. నిన్నటి నల్లచట్రంలాంటి ఖాళీయే, కానీ ఇప్పుడు అసిస్టెంట్‌కి భయం వెయ్యలేదు.

అప్పటికే ఆయా లోపలికి వచ్చింది. నాలుగో చిత్రం ముందు నిలబడి, మసిలో జారిన వేళ్ల గుర్తుల మీద తన వేళ్లు ఒక్కొక్కటే ఆనించింది.

"దారి తప్పలేదు," అంది. "తలుపు దాకా వచ్చాడు."

అమ్మాయి ఆమె పక్కకి వచ్చింది. "ఆయమ్మా... ఇది నేను తీసిందే. కానీ నిన్ను అడగలేదు. ఉంచమంటావా, తీసెయ్యమంటావా?"

ఆయా వెనక్కి తిరక్కుండానే అంది. "ఉంచమ్మా. కింద ఆయన పేరు రాయి."

అమ్మాయి పెన్ను తీసింది. ఆయా చెప్పిన పేరు అక్షరం అక్షరం రాసింది. దాని కింద ఇంకో గీత.

'అనుమతి: ఆయన భార్య.'

"పద పిన్నీ," అన్నాడు అసిస్టెంట్.

ఈసారి డిటెక్టివ్ అతన్ని సరిదిద్దలేదు.