కాళ్లు కడుక్కునే రూలు

సుమంగళకు కోపం వస్తే ముందు ముక్కు ఎర్రబడుతుంది. ఆ రోజు బిలోలి దాటాక ఆ పల్లెలో బండి దిగి, టీకాల పెట్టె చంకన పెట్టుకుని బడి ముందుకు వచ్చేసరికి చెవులు కూడా ఎర్రబడ్డాయి.

పిల్లలంతా లోపల ఉన్నారు. ఒక్క పిల్ల మాత్రం అరుగు మీద, బోర్లించిన గంప మీద కాలు చాపుకుని, పలక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చిరిగిన పరికిణీ, నూనె ఎరగని జుట్టు. ఊరవతలి వాడ పిల్ల అని చూడగానే తెలుస్తోంది.

"ఈ పిల్లను బయటెందుకు కూసోబెట్టిండ్రు?" అని సుమంగళ గుమ్మంలోనే నిలబడి అరిచింది.

సుద్దముక్క పట్టుకున్న పంతులు వెనక్కి తిరిగాడు. పడుచువాడు, పొడుగ్గా ఉన్నాడు. పేరు నాగేశ్వర్ అని తర్వాత తెలిసింది.

"మీరెవరు?"

"నాందేడ్ దవాఖాన నర్సును. టీకాలెయ్యనీకి అచ్చిన. వాడ పిల్లయితే బడి లోపల కూసోవద్దా? గిదేనా మీ చదువు?"

పంతులుకూ కోపం వచ్చింది. "బాయీ, ముందు ఆ పిల్ల కాలు చూసి మాట్లాడుండ్రి. నారు ఎల్లింది. లోపల పోరగాండ్లు తొక్కుతరని నేనే గాలికి కూసోబెట్టిన. ఆమెకు కనవడాలెనని నల్లబల్ల గూడ దర్వాజా దిక్కు తిప్పిన."

సుమంగళ చూసింది. నల్లబల్ల నిజంగానే అడ్డదిడ్డంగా గుమ్మం వైపు తిరిగి ఉంది. అంత దూరం మోసుకొచ్చిన కోపం ఎక్కడ దించాలో తెలియక వంగి పిల్ల కాలు చూసింది. చీలమండ పక్క పుండులోంచి తెల్లటి దారంలా నారు పురుగు వేలాడుతోంది. పాదమంతా తడిగా ఉంది.

"కాలెందుకు తడిసిందే?"

"పంతులు రూలు," అంది ఆ పిల్ల, జనాబాయి, గర్వంగా. "దిగుడుబాయిల కాళ్లు కడుక్కోనే బడిలకు రావాలె."

"మా బడి శుభ్రత గట్లుంటది," అన్నాడు నాగేశ్వర్, గెలిచినవాడిలా.

"తాగుడు నీళ్లు?"

"అవే. వాడ పిల్లలందరు అక్కన్నే తాగుతరు."

సుమంగళ లోపలికి తొంగి చూసింది. ప్రతి వరుసలో ఎవరో ఒకరి కాలికి గుడ్డపీలిక కట్టి ఉంది. కట్టు ఉన్నవాళ్లంతా వాడ పిల్లలే. దించిన కోపం రెట్టింపై మళ్లీ ఎక్కింది.

"పంతులూ, నారు ఎల్లిన కాలు నీళ్లల్ల పెడితే దాని పిల్లలు నీళ్లల్ల పడ్తయి. ఆ నీళ్లు తాగినోళ్లకు మల్లేడు గిట్లనే ఎల్తది. మీ రూలుతోని మీరే బడి మొత్తానికి నారు పంచుతున్నరు!"

నాగేశ్వర్ చేతిలో సుద్దముక్క విరిగింది. "బాగ కడుక్కున్నోళ్లకు బెల్లం ముక్క గూడ పెడ్తున్న," అన్నాడు.

ఆ మాటకు ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండింటినీ మింగేసింది. బడి గోడ అవతల గిలక బావి కనిపిస్తోంది. చుట్టూ ఎత్తుగా రాతి గట్టు ఉంది, అందులో ఎవరి కాలూ పడదు.

"ఆ చేదబాయి ఎవలది?"

"మాదే."

"మీరు ఏ నీళ్లు తాగుతరు?"

అతను తల వంచుకున్నాడు. "వాడోళ్లు తాడు ముట్టొద్దంటది మా అమ్మ."

"మంచిగున్నది! చెప్పేటోడు మంచినీళ్లు తాగుడు, చదువుకునేటోళ్లు పురుగులు తాగుడు. ఆళ్లు తల్లి కడుపున పుట్టలేదా?"

నాగేశ్వర్ విసురుగా బయటికి వెళ్లిపోయాడు. పారిపోయాడనుకుంది సుమంగళ. కానీ గోడ అవతల అరుపులు మొదలయ్యాయి. "నా పాణముండంగ ఆ తాడు ఆళ్లు ముట్టరు!" అంటోంది అతని తల్లి రఖమాబాయి.

కాసేపటికి అతను చెంబుతో తిరిగొచ్చి తిన్నగా దిగుడుబావి మెట్లు దిగాడు. చెంబు ముంచి, గోడ మీంచి చూస్తున్న తల్లికి కనబడేలా పైకెత్తాడు.

"అమ్మా, నా పిల్లలు తాగే నీళ్లే నాక్కూడ!"

ఒక గుక్క మింగాడు. రెండో గుక్కకు ముందే సుమంగళ మెట్లన్నీ దూకినట్టు దిగి ఆ చెంబును కొట్టి పారేసింది.

"పిచ్చి లేసిందా నీకు? మల్లేడు నీ కాల్లకెల్లి ఎల్తది నారు! అప్పుడు ఎవల మీద కోపం చూపిస్తవ్?"

"నా కొడుక్కు నారా?" అని రఖమాబాయి గుండెలు బాదుకుంది.

సుమంగళ అక్కడి నుంచే తిరిగి అరిచింది. "ఔ పెద్దమ్మా! నీ కొడుకు ఒక్క గుక్క తాగితేనే నీకు గింత బాధైతున్నది. జనాబాయి పుట్టినకాన్నుంచి తాగుతున్నది. ఆమె తల్లికి ఎంత బాధుండాలె?"

రఖమాబాయి గుండెలు బాదుకోవడం ఆపింది. గోడ అవతలి నుంచి, "నాగేసూ, నువ్వే చేది పొయ్యి. తాడు మాత్రం ముట్టనియ్యకు," అన్న మాట వినిపించింది.

"ఇయ్యాల్టికి గిది," అంది సుమంగళ పళ్లు నూరుతూ.

ఆ సాయంత్రం టీకాలయ్యాక, తాడుతో అరచేతులు ఒరుసుకుపోయిన నాగేశ్వర్ పెట్టె అందించాడు.

"ఇందాక నన్ను 'నువ్వు' అన్నరు."

"కోపంల అన్న."

"కోపం తగ్గినంక గూడ అనుండ్రి."

సుమంగళ పెట్టె లాక్కుని బండెక్కింది. బండి మలుపు తిరిగేదాకా నవ్వు ఆపుకుంది.

మరుసటి ఏడు తొలివానల్లో మళ్లీ వచ్చింది. పిల్లలు అరుగు పక్కన చెంబు నీళ్లు పోసుకుని కాళ్లు కడుక్కుంటున్నారు. పాత పుండ్లన్నీ మానిపోయి ఎవరి కాలికీ గుడ్డపీలిక లేదు, ఒక్క పంతులు కాలికి తప్ప. అదే గంప మీద కాలు చాపుకుని, అలాగే తిప్పిన నల్లబల్ల ముందు కూర్చుని పాఠం చెబుతున్నాడు.

"చెప్పిన గద!" అని మీద పడింది.

"చెప్పిండ్రు. ఏడాది ఎదురుచూసిన."

"నారు కోసమా?"

"మీ కోసం."

ముక్కు ఎర్రబడింది. మాట్లాడకుండా పుండు కడిగి, నారు కొసను సన్నటి పుల్లకు జాగ్రత్తగా చుట్టింది. "గుంజితే తెగుతది. రోజింత చుట్టాలె."

"ఎవలు చుట్టాలె?"

"మీ అమ్మ."

"చూస్తెనే అమ్మకు కండ్లు తిరుగుతున్నయి. నువ్వు చుట్టు సుమంగళా. ఈ నారు పొయినంక గూడ నాతోనే ఉండు."

వాన చినుకులు చూరు మీద నుంచి కారుతున్నాయి. ఆమె పుల్ల మీద కట్టు కట్టడం పూర్తి చేసి లేచింది. "నాకూ మనసున్నది. ఏడాది సంది ఉన్నది. గాని వాడోళ్లు ముట్టని తాడు నేను గూడ ముట్ట. ఆ ఇంటికి కోడలిగ రాను."

గోడ అవతల గిలక శబ్దం ఆగింది. కొడుకు కాలికి నారు వెళ్లినప్పటి నుంచి పిల్లలకు నీళ్లు చేది పోస్తున్నది రఖమాబాయే. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

"జనా!" అని కేక వేసింది. "నా రెక్కలు నొస్తున్నయి. అచ్చి తాడు పట్టు."

జనాబాయి పంతులు వైపు, నర్సు వైపు చూసింది. కదల్లేదు.

"నిన్నే పిల్లా! గట్టిగ పట్టు, జారుతది!"

జనాబాయి వెళ్లి తాడు పట్టుకుంది. గిలక కిర్రుమంది. పైకొచ్చిన బొక్కెనలోంచి సుమంగళ చెంబు ముంచుకుని సగం తాగింది. మిగతా సగం రఖమాబాయి ముందు పెట్టింది.

రఖమాబాయి చెంబు వైపు చూసింది. తర్వాత జనాబాయి తడి చేతుల వైపు చూసింది. చెంబెత్తి గడగడా తాగేసింది.

"ఇంగ చూసుడేంది నర్సూ?" అంది కోపంగానే, మూతి తుడుచుకుంటూ. "మీ నాయనను నాందేడ్‌కెల్లి పిలిపియ్యి. మాట్లాడుకోవాలె."