ఎఫీ బోరు దగ్గర ఆగిన ఏసీ

రాత్రిపూట ఎఫీ బోరు దగ్గర బండి ఆపొద్దని ఈ ఎడారిదారిన తిరిగేవాళ్ళలో చెప్పనివాడు లేడు. అక్కడ ఉన్నదల్లా ఒక పాత గాలిమర, తుప్పుపట్టిన నీళ్ళ తొట్టి, చుట్టూ ఎర్రమట్టి. పశువుల మందలు తోలుకెళ్ళే రోజుల్లో ఎఫీ అనే వంటమనిషి వడదెబ్బ తగిలి అక్కడే ప్రాణం విడిచిందట. అప్పట్నుంచీ ఆవిడ చల్లదనం కోసం తిరుగుతోందట. ఎవరి బండి ఆగినా కప్పు మీద టక్... టక్... మని తడుతుంది. ఆ తర్వాత ఆ బండిలో చల్లగా ఏదీ మిగలదు.

నేను నమ్మేవాణ్ణి కాదు. ఏసీ చావడానికి దెయ్యం కూడా కావాలా? ఇన్నేళ్ళుగా బండే ఇల్లయిన మోటార్‌హోమ్‌లోనే కాపురం చేస్తున్నాను, బండి నెత్తినెక్కి కూర్చునే ఆ పెట్టె అంత మొండిదాన్ని ఎక్కడా చూడలేదు. చలికాలమంతా బుద్ధిగా ఉంటుంది. ఒళ్ళు మాడిపోయే రోజునే చూసి మొరాయిస్తుంది. కానీ గ్రేమ్‌కీ వాళ్ళావిడ నోలీన్‌కీ జరిగింది విన్నాక మాత్రం... సరే, నోలీన్ నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

వానలు దిగకముందు వచ్చే ఆ పాడు వేడి రోజులు. ఇద్దరూ వాళ్ళ మోటార్‌హోమ్‌లో పొద్దస్తమానం మట్టిరోడ్డు మీద పడి వచ్చారు. చీకటి పడింది. చీకట్లో ఆవులూ కంగారూలూ అడ్డమొస్తాయి కాబట్టి ముందుకు పోవడానికి లేదు. ఎఫీ బోరు దగ్గరే ఆగారు.

నోలీన్‌కి నరాల జబ్బు. ఒంట్లో వేడి పెరిగితే చాలు, చేతులూ కాళ్ళూ మాట వినవు. కిందటేడు ఇలాగే ఒకసారి చూపు పోయి, చాలా రోజులకు గానీ తిరిగి రాలేదు. ఈసారి పోతే రాకపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. అందుకే గ్రేమ్‌కి ఆ ఏసీ అంటే ప్రాణం.

జనరేటర్ పెట్టి మీట నొక్కాడు. ఏసీ గుర్రుమంది. కాసేపు ఊదింది. అంతలో — టక్. కంప్రెసర్ ఆగిపోయింది.

కొంచెంసేపు ఆగి మళ్ళీ గుర్రుమంది. మళ్ళీ టక్.

"దీని దుంపతెగ!" అన్నాడు గ్రేమ్. లోపలి ఫిల్టర్ ఊడదీసి కడిగాడు. ఫ్యూజులు చూశాడు. జనరేటర్‌ని కసిగా ఒక్క తన్ను తన్నాడు. ముందు సీట్ల దగ్గరి ఏసీ అంతకు ముందే చచ్చి ఊరుకుంది, దాన్నీ నాలుగు తిట్టాడు.

ఆ రాత్రి అక్కడ ఇంకొక్కడే ఉన్నాడు, కెవ్ అని, గుడ్డ డేరా వేసుకుని. ఏసీ లేనివాడు, కానీ సలహాలకు లోటు లేనివాడు. బీరు పట్టుకుని వచ్చి కిటికీలోంచి తొంగిచూశాడు.

"అన్నా, గ్యాసు అయిపోయుంటుంది."

"నీ మొహం. కొత్త ఏసీ."

"మరైతే ఎఫీయే." గొంతు తగ్గించాడు. "ఆ టక్ టక్ వినలేదా?"

"అది కంప్రెసర్ వేడెక్కి ఆగుతున్న చప్పుడు! దెయ్యమూ లేదు, నీ తాతా లేడు. నువ్వు పోయి పడుకో!"

"పైకెక్కి చూడరాదూ?"

"పైన చూడక్కర్లేదు. పైన నేను ముందే కట్టుదిట్టం చేశాను."

నోలీన్ మంచం మీద పడుకుని ఉంది. నుదుటి మీద వేసిన తడి తువ్వాలు వేసిన కాసేపట్లోనే ఆరిపోతోంది. చేతులు కదపలేకపోతోంది. మంచానికి పైన కప్పులో ఉన్న కిటికీ తలుపు గాలి కోసం తెరిచి ఉంది... ఆవిడ కళ్ళు దాని మీదే ఉన్నాయి.

"గ్రేమ్..." గుసగుసగా పిలిచింది. "కప్పు మీద ఎవరో ఉన్నారు."

"ఎవరూ లేరమ్మా."

"ఆడమనిషి కాలు... పాదం... అదిగో, ఊగుతోంది."

గ్రేమ్ తలెత్తి చూశాడు. కిటికీలో నక్షత్రాలు తప్ప ఏమీ లేవు. అతను భయపడింది దెయ్యానికి కాదు — ఆమె చూపు మళ్ళీ పోతోందేమోనని.

"నోలీన్, నేను ఎన్ని వేళ్ళు చూపిస్తున్నానో చెప్పు!"

"వేళ్ళ సంగతి తర్వాత. ఆ కాలు చూడు ముందు!"

గాలి విసిరింది. ఈసారి అతనికీ కనిపించింది. కిటికీ అంచు మీదికి ఎర్రటి పాదం ఒకటి జారి... ఊగి... వెనక్కి పోయింది.

ఇంకా కిటికీ దగ్గరే ఉన్న కెవ్ చేతిలోంచి బీరు పడిపోయింది.

"నిచ్చెన పట్టుకో," అన్నాడు గ్రేమ్. భయం వేసింది, కానీ కోపం అంతకంటే ఎక్కువుంది. టార్చి నోట కరుచుకుని ఎక్కాడు. చెమట కళ్ళలోకి కారుతోంది. తల పైకెత్తి వెలుగు వేశాడు...

కాలే. ఏసీ వెనకనుంచి వేలాడుతోంది. మడమా వేళ్ళూ కనిపిస్తున్నాయి. కానీ మోకాలికి పైన ఏమీ లేదు.

చెయ్యి వేసి లాగాడు. బొళబొళా ఎర్రమట్టి రాలింది.

నోలీన్ పొడవు మేజోళ్ళలో ఒకటి! మట్టిరోడ్డు ఎక్కేముందు, లోపలికి దుమ్ము పోకుండా ఏసీ వెనక గాలి పీల్చే జాలీకి తనే తొడిగాడు. ఈ ఎడారిదారి డ్రైవర్లు ఇంజన్ గాలిగొట్టానికి చేసే చిట్కాయే. ఆగాక విప్పాలన్నది మరిచాడు. దుమ్ము మందంగా పేరుకుని ఏసీకి ఊపిరే ఆడలేదు.

"గాడిదని!" అని తననే తిట్టుకున్నాడు. ఏసీ వెనకున్న సన్నటి రేకుల మధ్య మట్టంతా బ్రష్షుతో దులిపాడు. చాలాసేపు పట్టింది. కింద కెవ్ మీట వేస్తూ ఆపుతూ ఉంటాడేమోనని "నిచ్చెన వదలకు!" అని మధ్యమధ్య అరుస్తూనే ఉన్నాడు.

దిగొచ్చి మీట నొక్కాడు. గుర్రుమంది. టక్‌మంటుందని ముగ్గురూ చెవులొగ్గారు. అనలేదు. చల్లటి గాలి వచ్చింది.

గ్రేమ్ మంచం పక్కన కూలబడ్డాడు. "నోలీన్, నేను కనిపిస్తున్నానా?"

"మట్టి కొట్టుకుని మరీ కనిపిస్తున్నావు. ఇంత వేడిలోనూ చూపు పోలేదు." నవ్వింది. "ఆవిడ లేకపోతే ఏమయ్యేదో. నువ్వు పైనున్నంతసేపూ పక్కన కూర్చుని విసురుతూనే ఉంది పాపం. చెయ్యి భలే చల్లగా ఉంది. ఎవరావిడ?"

గ్రేమ్ ఆమె నుదుటి మీది తువ్వాలు ముట్టుకున్నాడు. అప్పుడే ముంచి పిండినట్టు తడిగా ఉంది. మెల్లగా కెవ్ వైపు తిరిగాడు.

కెవ్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. "నేను నిచ్చెన వదల్లేదన్నా," అన్నాడు. "తలుపు నా పక్కనే ఉంది... ఎవరూ లోపలికి వెళ్ళలేదు."