చుక్క వెనకాల ఇద్దరు

“ఇరవై ఆరుగురు మనవాళ్ళు. వాళ్ళ ఫోటోలు మూడింటికి సరిహద్దు దాటతాయి. దాటితే సాయంత్రానికి ఒక్కరూ మిగలరు.”

పెద్దాయన బ్రీఫింగ్ అంతే. ఆయన మాటల్లో ఉప్పూ కారం ఎప్పుడూ ఉండవు.

ఏజెంట్‌ని ఆఫీసులో ‘ఒంటిరెక్క’ అంటారు. పదకొండేళ్ళ సర్వీసు. అక్క లెక్కలో మాత్రం ఓడ మీద ఇంజన్లు తుడిచే తమ్ముడు. ఇంట్లో ఏ వేడుక ఫోటోలోనూ ఉండడు. ఉండడని అలవాటైపోయి, ఎక్కడున్నాడని అడిగేవాళ్ళు కూడా తగ్గిపోయారు. ఆ రోజు మేనకోడలి పుట్టినరోజు.

రెండున్నరకి ఏసీ మెకానిక్ యూనిఫామ్‌లో, భుజాన గ్యాస్ సిలిండర్‌తో ఏడో అంతస్తు ఎక్కాడు. బయట బోర్డు ఎగుమతుల కంపెనీ. లోపలున్నది విదేశీ ముఠా. రిసెప్షన్‌లో సముద్రపు రంగు డ్రెస్‌లో ‘నెమలి’, ముఠా జీతం తింటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్.

“గ్యాస్ అయిపోయిందా మేడమ్?”

“లేదు, నీళ్ళు కారుతున్నాయి.”

కోడ్ సరిపోయింది.

“మేనేజర్‌ని కాఫీకి కూర్చోబెడతాను. ఆయన జోకులకి నవ్వలేక చస్తున్నా, తొందరగా కానియ్.”

సర్వర్ గది తాళం తీసి, సిస్టమ్ చేతికందేసరికి 2:58. స్క్రూడ్రైవర్ పిడిలోని పెన్‌డ్రైవ్ గుచ్చగానే నల్ల తెర తెరుచుకుంది. మూలన ‘పంపాల్సినవి 26’.

జాబితాలో వందల ఫైళ్ళు. .txt లన్నీ ముఠా ఉత్తరాలు. అవి రేపు కోర్టులో సాక్ష్యం, ఒక్కటీ పోకూడదు. .jpg లు మన ఆఫీసు నుంచి కొట్టేసిన మనవాళ్ళ ఫోటోలు. ఒక్కో పేరూ కొడుతూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా అయిపోతుంది. అందుకే స్టార్. ముందు ఏ పేరున్నా సరే, చివర .jpg ఉన్నవాళ్ళంతా రండని ఒకే కేక. దాని ముందు rm, అంటే చెరిపెయ్యమని.

rm *.jpg

మళ్ళీ జాబితా తీశాడు. ఒక్క ఫోటో లేదు. హమ్మయ్య అనుకుని లేవబోతూ మూలకి చూశాడు.

‘పంపాల్సినవి 2.’ టైమ్ 2:59.

“నెమలీ, ఇంకా రెండున్నాయి. కనపడట్లేదు.”

ఆమె చక్కెర వంకతో లేచినట్టుంది, ఇయర్‌పీస్‌లో చెంచా చప్పుడైంది. “ఇందాకటి జాబితాలో నీ పేరుందా?”

చూశాడు. లేదు. ఆమెదీ లేదు.

“శత్రువుల ఇంట్లోకి పంపేవాళ్ళ ఫైలు పేరు ముందు పెద్దాయన చుక్క పెట్టిస్తాడు. అలాంటిది మామూలు జాబితాలో కనపడదు, స్టార్ పిలిచినా పలకదు. ట్రైనింగ్‌లో నువ్వే కదయ్యా చెప్పింది.”

నిజమే. అందరినీ కాపాడే హడావుడిలో ఆ అందరిలో తానూ ఒకడని తట్టలేదు. ఈసారి స్టార్ ముందు చుక్క పెట్టి, విడిగా పిలిచాడు.

rm .*.jpg

సున్నా పడింది. ఆ వెంటనే గడియారం మూడు కొట్టింది. పంపడానికేమీ లేదని మెషీన్ వినయంగా చెప్పింది.

కింద వీధిలో నెమలి అతని పక్కనుంచే, ముఖం కూడా తిప్పకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ ఎన్నేళ్ళకో. అతను సిలిండర్ దించి ఫోన్ తీశాడు.

“ఓడ ఎక్కడుందిరా?” అంది అక్క.

“నీళ్ళ మీదే. పాప పుట్టినరోజుకి అందరూ వచ్చారా?”

“ఆ, అందరూ వచ్చారు.”

“నన్ను పిలవలేదేం?”

“అందరూ రండని గ్రూపులో పెట్టాగా. నీకు విడిగా చెప్పాలా?”

“చెప్పాలక్కా. నాలాంటివాడు విడిగా పిలిస్తేనే వస్తాడు.”

“సరే, పిలుస్తున్నా. రా.”

నడిసముద్రంలో ఉండాల్సిన ఓడ, సిటీ బస్సెక్కి నలభై నిమిషాల్లో అక్క గుమ్మం చేరింది.