అవ్వ కార్డు

బడి వదిలిన గంట ఇంకా మోగుతూనే ఉంది. గర్మాయి సంచి అడుగు పర్రున చిరిగి పుస్తకాలన్నీ బురదలో పడ్డాయి.

అది అసలు బడి సంచి కాదు. బియ్యం వచ్చిన ప్లాస్టిక్ గోనె. అవ్వ దానికి రెండు తాళ్ళు కుట్టి ఇచ్చింది.

"ఇవాళ బియ్యం కిలో ఎంతమ్మా?" అని అడిగాడు వెనకాల ఉన్న సాకీ. పిల్లలంతా గొల్లుమన్నారు.

గర్మాయికి తల కొట్టేసినట్టయింది. పుస్తకాలు ఏరి గుండెలకి అదుముకుని గబగబా బయటికి నడిచింది.

రోడ్డు మీద ఒక పికప్ బండి ఆగి ఉంది. దాని మీద మైకు, పాటలు, ఓట్లకి నిలబడ్డ పెద్ద మనిషి ఫ్లోమో బొమ్మలు. లైబీరియాలో యుద్ధం ఆగాక జరుగుతున్న మొదటి ఎన్నికలవి. ఊళ్ళో గోడలన్నిటి మీదా ఫ్లోమో నవ్వుతూనే ఉన్నాడు. బండి దగ్గర నిలబడిన ముల్బా ఆయన మనిషి. ముల్బా వెనకాల నీలం రంగు బడి బ్యాగులు గుట్టగా ఉన్నాయి.

"ఇంట్లో పెద్దవాళ్ళ ఓటరు కార్డు తెచ్చినవాళ్ళకి తెచ్చినట్టు ఒక బ్యాగు. కార్డులు ఎన్నికలయ్యాక ఇచ్చేస్తాం. భయమేం లేదు" అంటున్నాడు ముల్బా.

గర్మాయి స్నేహితురాలు కూలా అప్పటికే ఒక బ్యాగు తగిలించుకుంది.

"మా పెదనాన్న కార్డు ఇచ్చేశా. ఆయన చూసుకోనే లేదు. రెండు జిప్పులున్నాయి చూడవే" అంది కూలా.

గర్మాయి చూసింది. రెండు జిప్పులున్నాయి. నీళ్ళ సీసాకి పక్కన వేరే జేబు కూడా ఉంది.

ఇంటికి వెళ్ళేదాకా ఆమె లెక్కలు వేసుకుంటూనే ఉంది. అవ్వకి మోకాళ్ళ నొప్పులు. ఓట్లు వేసే చోటు మార్కెట్ దాటాక గుట్ట మీద. అవ్వకి చదవడం కూడా రాదు. ఇంక ఆ కార్డు అవ్వకి ఎందుకు?

మనసుకి కావలసింది దొరకాలంటే కారణాలకి కరువుండదు.

అవ్వ పెరట్లో రోట్లో కర్రపెండలం ఆకు దంచుతోంది. రోకలి చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. గర్మాయి చాప పక్కనున్న బిస్కట్ డబ్బా తెరిచి కార్డు తీసుకుంది. అందులో అవ్వ ఫోటో, కింద పేరు. ఫోటోలో అవ్వ నిటారుగా కూర్చుని ఉంది. గర్మాయి దాన్ని బోర్లించి పట్టుకుని పికప్ బండి దగ్గరికి పరుగెత్తింది.

సాయంత్రం అవ్వ అన్నం వడ్డిస్తూ అంది, "ఎల్లుండి పొద్దున్నే పక్కింటివాళ్ళ ఒంటిచక్రం బండి అడిగి తేవాలే పిల్లా. మూటని వేసుకెళ్ళినట్టు నన్ను వేసుకెళ్దువుగాని."

గర్మాయి ముద్ద నోటి దగ్గరే ఆగింది. "ఎక్కడికి?"

"ఓటు వెయ్యడానికి. ఇంకెక్కడికి? షికారుకా?"

"నీకు చదవడం రాదుగా అవ్వా."

"బొమ్మలు ఉంటాయటగా. నొవాయి మొహం నాకు తెలీదా?"

నొవాయి అంటే మార్కెట్లో మంచినూనె అమ్మే ఆవిడ. ఆవిడా ఎన్నికల్లో నిలబడింది. ఆవిడకి పికప్ లేదు, మైకు లేదు.

"ఫ్లోమో అయితే బ్యాగులిస్తున్నాడు. నొవాయి ఏమిచ్చింది?" అంది గర్మాయి.

అవ్వ గిన్నె పక్కన పెట్టింది. "సగం కప్పు బియ్యం ఇచ్చింది. యుద్ధంలో మేం ఇళ్ళు వదిలి శిబిరంలో ఉన్నాం చూడు, అక్కడ బియ్యం కొలిచి ఇచ్చేది నొవాయే. ఒకరోజు లారీ సగమే వచ్చింది. నొవాయి అందర్నీ పిలిచి బస్తాలు చూపించింది. ఇవాళ మనిషికి సగం కప్పే, ఉన్నది ఇదే, చూసుకోండి అంది. వరసలో దాని పిల్లలూ ఉన్నారు. వాళ్ళకీ సగమే కొలిచింది. ఒక గుప్పెడు ఎక్కువ వేసుకున్నా ఎవరికీ తెలిసేది కాదు."

అవ్వ పొయ్యిలో పుల్ల ముందుకు తోసింది.

"ఆ శిబిరానికి పోయే దారిలో తుపాకులవాళ్ళు తాడు కట్టి ఆపారు. మా కాగితాలన్నీ లాక్కుని మంటలో వేశారు. అప్పట్నుంచి నా పేరున్న కాగితం ముక్క నా దగ్గర లేదే. ఈ కార్డొక్కటే. ఆ డబ్బా ఇటు తే, ఒకసారి చూసుకుంటా."

గర్మాయి కదల్లేదు. కళ్ళలోంచి నీళ్ళు కారి అన్నంలో పడ్డాయి. జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

అవ్వ లేచి వెళ్ళి డబ్బా తెరిచి చూసి, మళ్ళీ మూత పెట్టింది. దానికంటే రెండు దెబ్బలు వేసినా బాగుండేదనిపించింది గర్మాయికి.

"నాకు కోపంగానే ఉంది. దాచుకోను" అంది అవ్వ చివరికి. "నా కార్డు ఆ ముల్బా పెట్టెలో ఉంటే నా ఓటు ఎవరికీ పడదు. వాడికి కావలసింది అదే. నేను నొవాయికి వేస్తానని ఊరందరికీ తెలుసు."

"ఇప్పుడేం చెయ్యాలి అవ్వా?"

"ఇచ్చినదానివి నువ్వు. తెచ్చేదానివీ నువ్వే."

మర్నాడు బడి లేదు. గర్మాయి నీలం బ్యాగు పట్టుకుని ముల్బా ఇంటికి వెళ్ళింది. అతను అరుగు మీద కూర్చుని రొట్టె తింటున్నాడు.

"అన్నా, బ్యాగు తీసుకో. మా అవ్వ కార్డు ఇచ్చెయ్."

ముల్బా నవ్వాడు. "ఉంచుకోమ్మా. ఎన్నికలయ్యాక కార్డు దానంతటదే ఇంటికొస్తుంది."

"ఎన్నికలయ్యాక దాంతో ఏం చేసుకోవాలి?"

"పోవే పో, పొద్దున్నే నా బుర్ర తినకు."

గర్మాయి బ్యాగుని మెట్టు మీద పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసింది. అప్పుడు ఆమెకి అవ్వ ఎప్పుడూ చెప్పే సంగతి గుర్తొచ్చింది. యుద్ధం ఆపమని ఆడవాళ్ళంతా తెల్లబట్టలు కట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నారు. ఎండ కాసినా లేవలేదు, వాన కురిసినా లేవలేదు. వాళ్ళలో అవ్వ కూడా ఉంది.

గర్మాయి మెట్టు పక్కన నేల మీద కూర్చుంది.

చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ అటుగా వచ్చింది. "ఇక్కడెందుకు కూర్చున్నావే?"

ఏం చెప్పాలి? నిజం చెప్పాలంటే సిగ్గుతో ప్రాణం పోతోంది. అయినా గర్మాయి తల ఎత్తి చెప్పింది. "మా అవ్వ ఓటరు కార్డు దొంగతనంగా తెచ్చి బ్యాగు తీసుకున్నాను. తప్పు చేశాను. బ్యాగు ఇచ్చేశాను. కార్డు ఇచ్చేదాకా లేవను."

చేపలావిడ ముల్బా వైపు ఒక చూపు చూసి గంప దించింది. ఆమె కూడా పక్కనే కూర్చుంది.

తర్వాత వచ్చినవాళ్ళకీ గర్మాయి అదే మాట చెప్పింది. సాకీ వచ్చినప్పుడు చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. వాడు నవ్వలేదు. ఎటో పరుగెత్తాడు. కాసేపటికి కూలాని వెంటబెట్టుకొచ్చాడు. కూలా మొహం చిన్నబుచ్చుకుని తన బ్యాగుని కూడా మెట్టు మీద పెట్టింది. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి మెట్టు మీద తొమ్మిది బ్యాగులు, వాకిట్లో ఇరవైమంది జనం.

"ఇదేం గొడవ మా ఇంటి ముందు?" అని ముల్బా అరుస్తుండగా లోపలినుంచి వాళ్ళమ్మ వచ్చింది. బక్కపల్చటి ముసలమ్మ. గర్మాయి ఆమెకి కూడా మొదటినుంచీ చెప్పింది.

ముసలమ్మ అంతా విని కొడుకు వైపు తిరిగింది. "ముల్బా, నా కార్డు కూడా కనబడటం లేదురా రెండు రోజుల్నుంచి."

ముల్బా నేల చూపులు చూశాడు.

"నేనూ నొవాయి చేతి బియ్యం తిన్నదాన్నే. అందుకనా దాచేశావు?"

ముసలమ్మ లోపలికి వెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చి అరుగు మీద బోర్లించింది. కార్డులన్నీ జలజలా పడ్డాయి. ఆమె ముందు తనది వెతుక్కుంది. తర్వాత ఒక్కొక్క కార్డే ఫోటో చూసి ఎవరిది వాళ్ళకి ఇచ్చింది. అవ్వ కార్డు గర్మాయి చేతిలో పెట్టింది.

ఓట్ల రోజు తెల్లవారగానే గర్మాయి ఒంటిచక్రం బండి తెచ్చి, అందులో దుప్పటి మడతపెట్టి వేసింది. అవ్వ ఉతికిన బట్టలు కట్టుకుని మహారాణిలా కూర్చుంది. గుట్ట ఎక్కుతుంటే గర్మాయి చేతులు బొబ్బలెక్కాయి. రెండుసార్లు ఆగింది, కాని వెనక్కి చూడలేదు.

పైన వరసలో నిలబడ్డ ఎవరో అన్నారు, "ఏం గర్మాయీ, అవ్వని అమ్మకానికి తెచ్చావా?"

"అవ్వ అమ్మకానికి లేదు" అంది గర్మాయి. అవ్వ బండిలోంచి పకపకా నవ్వింది.

లోపలికి వెళ్ళిన అవ్వ చాలాసేపటికి బయటికి వచ్చింది. వేలు మీద సిరా ఇంకా తడిగా మెరుస్తోంది.

"నొవాయి గెలుస్తుందా అవ్వా?"

"ఏమో. నా ఓటు మాత్రం నేనే వేశాను" అంది అవ్వ. బండిలో సర్దుకుని కూర్చున్నాక కార్డు గర్మాయి వైపు చాపింది. "దీన్ని ఇంటికెళ్ళేదాకా నీ దగ్గర ఉంచు."

గర్మాయి బొబ్బల చేతుల్ని లంగాకి తుడుచుకుంది. కాని కార్డు తీసుకోలేదు. అవ్వ కొంగు చివర అందుకుని, కార్డుని అందులో పెట్టి, గట్టిగా రెండు ముళ్ళు వేసింది. ముడి ఊడదని లాగి చూసుకున్నాక బండిని ఇంటి వైపు తిప్పింది.