పాలెగాని తోటలో కడుపుచెట్టు

యాభైరెండో సంవత్సరం, గంజి కరువు. ఆ యేడు కదిరి దారిలోని పాలెగాని తోట మీదుగా పొద్దుగుంకినాక కాకి కూడా ఎగిరేది కాదంట. తప్పక పోవాల్సొస్తే... రెక్కలు మూసుకొని నడిచి పోయేదంట!

వానలు ఎడతెగని మలెనాటి నుంచి తెచ్చుకున్న ముద్దుల పెండ్లాం రాణెమ్మకు పచ్చదనం లేక నిద్ర పట్టలేదని పాలెగాడు వేయించిన తోట అది. సింహళం లవంగం, అరబ్బుల ఖర్జూరం, చీనా సంపెంగ — నూరు ఏనుగుల మీద వచ్చినాయంట. అన్నీ ఎప్పుడో ఎండిపోయినాయి. మిగిలింది ఒకటే. ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చిన చెట్టు. ఆకు లేదు. కొమ్మలు వేర్ల మాదిరి ఆకాశంలోకి... మాను మాత్రం తొమ్మిది నెలల కడుపు!

ఆ రాణెమ్మ నిండుచూలాలుగా కన్నుమూసి అందులో చేరిందంట. చూలాలి వాసన తగిలితే బిడ్డను లాక్కుంటుందంట. ఊరంతా అదే గుసగుస.

బావులన్నీ నోళ్ళు తెరిచినాయి. రామక్కకు నెలలు నిండినాయి. అత్త మారెమ్మ మాత్రం రోజూ మసక చీకట్లో చంకన కడవతో వచ్చేది.

"యాడివత్తా ఈ నీళ్ళు?"

"నీళ్ళకు ఊరూ పేరూ ఎందుకమ్మీ? తాగు."

గుటకలో మానుబెరడు వాసన... కడుపులో బిడ్డ తన్నింది. ఊరికంతా లేని నీళ్ళు ఈమెకెవరిస్తాండారు? ఊరికే ఇస్తారా?

ఒక సాయంత్రం రామక్క వెనకాలే పోయింది.

తోటలో గాలి లేదు. అయినా ఎండిన ఖర్జూరపు మట్టలు గలగలమన్నాయి.

మారెమ్మ కడుపుచెట్టును వాటేసుకుంది. చెవి ఆనించింది. అరచేత్తో తట్టింది. మానులోకి చెయ్యి దూర్చింది —

"ఇంకొన్నాళ్ళు ఓర్చుకో తల్లీ... నా కోడలు కనేదాకా. ఆ పైన నీ ఇష్టం."

రామక్క చాటు నుంచి బయటికి ఉరికింది.

"నా బిడ్డను అమ్మేసినావా అత్తా!"

మారెమ్మ గిరుక్కున తిరిగింది. చేతిలో టెంకాయ చిప్ప. చిప్పలో... నీళ్ళు.

"అరవద్దే, దయ్యమా! పోయినేటి వానంతా ఈ మాను తొర్రలో దాచుకోనుండాది. తెలిస్తే ఊరు ఒక్కపూటలో నాకేస్తుంది."

"మరి... రాణెమ్మ?"

"యాడి రాణెమ్మ? ఆమె పండ్లూడి, మనమరాండ్ల పెండ్లిండ్లు చూసి చచ్చింది. ఈ చూలాలి దయ్యాన్ని పుట్టించింది నేను — నీకు నెల తప్పినప్పుడు."

తెల్లారి పక్కింటి పెద్దక్క ఖాళీ కడవతో వచ్చింది.

"ఏమే రామక్కా, నిన్న తోటవైపు పోయినావంటనే? కనపడిందా? ఎట్లుండాది?"

రామక్క కడుపు నిమురుకుంది. గొంతు తగ్గించింది.

"అచ్చం... నా మాదిరే ఉండాది పెద్దక్కా."

పరుగులో పెద్దక్క ఆ కడవ యాడ పడేసిందో ఇప్పటికీ దొరకలేదంట!